నంబరు ఇక్కడిది, నెట్టు అక్కడిది: విదేశీ ప్రయాణంలో ఈ-సిమ్ సంగతులు

మా బాబాయి, పిన్ని సింగపూర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరడానికి రెండు రోజుల ముందు, కూకట్‌పల్లిలో వాళ్ళింటి కింద ఉన్న జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాం. ట్రావెల్ ఏజెంటు ద్వారా కొన్న ఈ-సిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా నెట్ ద్వారా ఫోన్లోకి దించుకునే సిమ్) క్యూఆర్ కోడ్ బాబాయి మెయిల్‌కి వచ్చింది. మెయిల్ ఉన్నదీ ఆ ఫోన్లోనే, స్కాన్ చేయాల్సిందీ ఆ ఫోన్‌తోనే. "అద్దంలో చూపించమంటావేంట్రా?" అన్నాడు బాబాయి. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. సరే, ప్రింటు తీయిద్దామని కిందికి దిగాం. షాపతను కాగితం చేతికిస్తూ, "ఏం దుకాణం పెడుతున్నరు సార్?" అన్నాడు. చాయ్ బండి మీద కూడా క్యూఆర్ స్టిక్కరు ఉండే ఊళ్ళో ఆయనకి ఇంకో ఆలోచన ఎందుకొస్తుంది?

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. "సింగపూర్ సిమ్ వచ్చేసింది" అంటూ బాబాయి ఆ కాగితాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. విజయవాడలో మా పెద్దమ్మ మనవడు, ఇంటర్ చదివే కుర్రాడు, అదేంటో చూద్దామని స్కాన్ చేసి ఫోన్ అడిగిన ప్రతిదానికీ ఓకే నొక్కాడు. రాత్రి భోజనాలయ్యాక మేం కూర్చుని స్కాన్ చేస్తే, ఈ కోడ్ ఇప్పటికే వాడేశారని వచ్చింది. పదిహేను రోజుల సింగపూర్ డేటా, పాస్‌పోర్టు కూడా లేని కుర్రాడి ఫోన్లో దిగింది. మళ్ళీ డబ్బులు కట్టి ఇంకోటి కొన్నాం.

వాణ్ణి తిట్టి లాభం లేదు. మనకి తెలిసిన క్యూఆర్ ఎన్నిసార్లు స్కాన్ చేసినా అరగదు. ఈ-సిమ్ క్యూఆర్ అలా కాదు. అందులో ఉండేది ఒక సర్వర్ అడ్రసు, దాని పక్కన ఒక యాక్టివేషన్ కోడు. ఫోన్ ఆ అడ్రసుకి వెళ్ళి, కోడు చెప్పి, మన పేరున అక్కడ పెట్టిన ప్రొఫైల్‌ని, అంటే సిమ్‌లో ఉండాల్సిన వివరాలని, దించుకుంటుంది. మామూలుగా ఆ దించుకోవడం ఒక్కసారికే. థియేటర్ గేటు దగ్గర చింపేసిన టికెట్ లాంటిది, ఇంకొకరు పట్టుకొస్తే లోపలికి రానివ్వరు. అందుకే ఈ కోడ్‌ని ఓటీపీలా దాచుకోవాలి. అన్నట్టు, ప్రింటు కూడా అక్కర్లేదు. ఇంకో ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో మెయిల్ తెరిచి స్కాన్ చేయొచ్చు. లేదంటే సర్వర్ అడ్రసునీ కోడునీ సెట్టింగ్స్‌లో చేత్తో టైపు చేయొచ్చు. ఈమధ్య ఐఫోన్లలో క్యూఆర్ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకున్నా చాలు. ఇవన్నీ నాకు జిరాక్స్ షాపతనికి డబ్బులిచ్చిన తర్వాత తెలిశాయి.

టు-లెట్ బోర్డు

సిమ్ అంటే మనం చూసే ప్లాస్టిక్ ముక్క కాదు, దాని మీద మెరిసే చిన్న చిప్పు. అందులో రెండు ముఖ్యమైనవి ఉంటాయి: ఈ చందాదారు ఎవరో చెప్పే ఒక నంబరు, ఎప్పుడూ బయటికి రాని ఒక రహస్య తాళం. నెట్‌వర్క్ ఒక లెక్క ఇస్తుంది, చిప్పు ఆ తాళంతో జవాబు చెబుతుంది, జవాబు సరిపోతే లోపలికి రమ్మంటారు. ఈ-సిమ్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే చిప్పు ఫోన్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది, ఖాళీగా.

హైదరాబాదులో ఇల్లున్నవాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక. పోర్షన్లు కట్టి టు-లెట్ బోర్డు పెట్టడమే. ఎయిర్‌టెల్ ఒక పోర్షన్లో దిగుతుంది, సింగపూర్ డేటా ఇంకో దాంట్లో పదిహేను రోజులుండి ఖాళీ చేస్తుంది, గోడలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఐఫోన్లలో ఎనిమిదీ అంతకంటే ఎక్కువ ప్రొఫైళ్ళు పడతాయి. కానీ ఒకేసారి పనిచేసేవి రెండు లైన్లే.

మామూలు ఫోన్లలో వాడే ఈ-సిమ్ ప్రమాణాన్ని మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్ఎమ్ఏ 2016లో తెచ్చింది. 2017లో గూగుల్ పిక్సెల్ 2, 2018లో ఐఫోన్ ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ దీనితో వచ్చాయి. మీ ఫోన్లో ఉందో లేదో చూడాలంటే డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. ఐఎమ్ఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల నంబరు కనపడితే ఉన్నట్టే. జగదీష్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ ఐఫోన్ బేరమాడేవాళ్ళు బ్యాటరీ హెల్త్ అడిగినట్టే దీన్నీ అడగాలి. చైనా కోసం తయారైన ఐఫోన్లు చాలావరకు ఈ-సిమ్ లేకుండా రెండు ప్లాస్టిక్ సిమ్‌లతో వచ్చాయి. అమెరికా ఫోన్లది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే వాటికి సిమ్ ట్రేనే లేదు. బావమరిది డల్లాస్ నుంచి ప్రేమగా తెచ్చిన ఫోన్‌కి సిమ్ పెట్టే చోటెక్కడా అని పిన్నుతో కేసంతా గీరినవాళ్ళు నాకు తెలుసు. పైగా అక్కడ వాయిదాల మీద కొన్న ఫోన్ ఆ కంపెనీకే లాక్ అయి ఉండొచ్చు. ఆ లాక్ తీయించకుండా తెస్తే ఇంకే కంపెనీ ఈ-సిమ్మూ పనిచేయదు.

ఇక్కడే ఒక మెలిక కూడా ఉంది. ఐఫోన్ ఎక్స్ఎస్ నుంచి 12 దాకా ఒక ప్లాస్టిక్ సిమ్, ఒక ఈ-సిమ్ మాత్రమే కలిసి పనిచేస్తాయి. రెండు ఈ-సిమ్‌లు కలిసి పనిచేయడం 13 నుంచి మొదలైంది. మీ జియో నంబరునే ఈ-సిమ్‌గా మార్చుకుని, పాత ఐఫోన్ 11 వాడుతున్నారనుకోండి. ట్రావెల్ ఈ-సిమ్ ఆన్ చేయాలంటే జియోని ఆపాలి. అంటే ఓటీపీలు రావు. అలాంటివాళ్ళు బయల్దేరే ముందు నంబరుని మళ్ళీ ప్లాస్టిక్ సిమ్‌కి మార్పించుకోవడం మేలు.

ఒకే మాట, రెండు చోట్ల

ఇప్పుడు నన్ను అందరూ అడిగే ప్రశ్న. "డేటా రోమింగ్ ఆన్ పెట్టాలా, ఆఫ్ పెట్టాలా?"

రెండూ. చాలామంది బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. మన ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉండాలి. ట్రావెల్ ఈ-సిమ్‌కి ఆన్‌లో ఉండాలి. రోమింగ్ (అంటే సిమ్ పరాయి కంపెనీ టవర్ల మీద నడవడం) అనగానే బిల్లు వాచిపోతుందని మనకి పదేళ్ళుగా భయం. అందుకే సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో దిగగానే కనపడ్డ ప్రతి రోమింగ్ బటనూ ఆపేస్తాం. ఆ తర్వాత "ఈ-సిమ్ పనిచేయట్లేదు, మోసం" అంటాం. మా బాబాయీ అదే చేశాడు. ఎయిర్‌పోర్టు వైఫై పట్టుకుని నాకు స్క్రీన్‌షాట్ పంపితే, కొత్త లైన్ పక్కన సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం లేదు. ఒక్క బటన్ ఆన్ చేయమన్నాను. "అది ఆన్ చేస్తే వేలకి వేలు పడతాయిరా" అని ఐదు నిమిషాలు వాదించాడు.

ఆన్ ఎందుకంటే, సింగపూర్ ఈ-సిమ్ అని మనం కొన్నది చాలాసార్లు సింగపూర్‌ది కాదు. ఏ హాంకాంగ్ కంపెనీయో ఏ యూరప్ కంపెనీయో జారీ చేసిన ప్రొఫైల్ అది. సింగపూర్‌లో అదీ మనలాగే చుట్టమే, అక్కడి టవర్ల మీద రోమింగ్ చేస్తోంది. ఆ రోమింగ్ ఖర్చుని మనం ముందే కట్టేశాం కాబట్టి బిల్లు రాదు. ఇండియా సిమ్‌కి ముందే కట్టిన ప్యాక్ లేదు కాబట్టి దానికి ఆపాలి. బటన్ పేరు రెండింటికీ ఒకటే, వెనక లెక్క వేరు.

ఐఫోన్‌లో ఇంకో చిన్న బటన్ ఉంది, మొబైల్ డేటా స్విచింగ్ అని. అది ఆన్‌లో ఉంటే ఒక లైన్లో సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తానే రెండో లైన్ డేటా వాడుకోవచ్చు. ఇండియాలో మంచిదే. అక్కడ మాత్రం ఆపేయండి.

రోమింగ్‌లో డేటా నడిచే దారి కూడా తెలుసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. మామూలుగా మనం చూసే ప్రతి పేజీ అక్కడి టవర్ నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి పోదు. ముందు సిమ్ జారీ చేసిన కంపెనీ దేశానికి వెళ్ళి, అక్కణ్ణుంచి బయటికొస్తుంది. మియాపూర్‌లో ఎక్కి కూకట్‌పల్లిలో దిగాల్సినవాడు విజయవాడ మీదుగా వచ్చినట్టు. సిగ్నల్ నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోవడానికి ఒక్క క్షణం తటపటాయించడానికి కారణం చాలాసార్లు ఇదే. మీరు ప్యారిస్‌లో ఉంటే, మీ ఫోన్ హాంకాంగ్‌లో ఉందని వెబ్‌సైట్లు అనుకోవడానికీ ఇదే కారణం. ఇండియా ఐపీ అడ్రసు (ఫోన్ ఏ దేశం నుంచి నెట్‌లోకి వచ్చిందో తెలిపే నంబరు) కాకపోతే తెరుచుకోని కొన్ని సైట్లు మొరాయిస్తాయి, ఓటీటీలో మనవాళ్ళ సీరియల్ "మీ ప్రాంతంలో లేదు" అంటుంది.

ఈ చుట్టుదారి వల్ల లాభమూ ఉంది. దుబాయిలో ఉన్న కొడుక్కి వాట్సాప్ కాల్ కలవదని తెలియని ఇల్లు మన దగ్గర తక్కువ. అక్కడి నెట్‌వర్కులు వాట్సాప్ కాల్స్‌ని ఆపేస్తాయి. కానీ రోమింగ్ సిమ్ మీద డేటా వేరే దేశంలో తేలుతుంది కాబట్టి, అలాంటి సిమ్‌తో దిగిన చుట్టానికి కాల్ కలిసిపోతుంటుంది. పక్కనే కూర్చున్న కొడుకు ఫోన్లో కలవదు, చూసి ఆశ్చర్యపోతారు. చైనాలోనూ అంతే. అక్కడి లోకల్ సిమ్‌తో గూగుల్, వాట్సాప్ రావు, రోమింగ్ ఈ-సిమ్‌తో వస్తాయి.

నంబరు సంగతి

ట్రావెల్ ఈ-సిమ్‌లలో చాలావాటికి ఫోన్ నంబరే ఉండదు. ఉత్త డేటా. దీన్ని లోపమనుకుంటారుగానీ, నాకైతే ఇదే సుఖం. నంబరు పని మన పాత సిమ్ చూసుకుంటుంది, నెట్ పని కొత్తది చూసుకుంటుంది. ఈ రెండు పనుల్నీ మనసులో విడదీసుకుంటే సెట్టింగ్స్‌లో ఏ బటన్ ఎటు ఉండాలో ఎవర్నీ అడగక్కర్లేదు. వాట్సాప్ "నంబరు మార్చమంటారా" అంటే వద్దనండి, పాత నంబరు మీదే కొత్త డేటాతో నడుస్తుంది.

అంటే ఇండియా సిమ్‌ని తీసి పర్సులో పెట్టకూడదు. మనవాళ్ళకి ఈ అలవాటు ఎక్కువ, పోతుందేమోనని కాగితంలో మడిచి, కుంకుమ పొట్లంతో పాటు హ్యాండ్‌బ్యాగులో దాస్తారు. ఫోన్లోంచి సిమ్ తీయగానే కొన్ని యూపీఐ, బ్యాంకు యాప్‌లు మళ్ళీ రిజిస్టర్ చేసుకోమంటాయి. అందుకు ఇండియా నంబరు నుంచి ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. పైగా 2025 నవంబరులో మన టెలికాం శాఖ, రిజిస్టర్ చేసుకున్న సిమ్ ఫోన్లో ఉంటేనే వాట్సాప్ లాంటి యాప్‌లు పనిచేసేలా చూడాలని ఆ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. సిమ్ లోపలే ఉండనివ్వండి, డేటా మాత్రం ఆపండి.

ఓటీపీ రావాలంటే ఇంకోటి కావాలి. ఆ సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ సేవ ఆన్‌లో ఉండాలి. దీన్ని ఇక్కడుండగానే కంపెనీ యాప్‌లో చూసుకోవాలి. ప్రీపెయిడ్ అయితే వ్యాలిడిటీ తిరిగొచ్చేదాకా ఉందో లేదో కూడా చూసుకోవాలి. మన పెద్ద కంపెనీలు రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి సాధారణంగా డబ్బు తీసుకోవు. కాల్ ఎత్తితే మాత్రం తీసుకుంటాయి. లోన్ కావాలా అని అడిగే కాల్‌కి కూడా నిమిషానికి ఇంత అని పడుతుంది. కాబట్టి తెలిసినవాళ్ళందరికీ వాట్సాప్‌లోనే చేయమని ముందే చెప్పాలి.

యూపీఐకి డేటా ఏ దేశం సిమ్ నుంచి వచ్చినా మామూలుగా పట్టింపు ఉండదు. మా పిన్ని సింగపూర్ నుంచే పనమ్మాయికి జీతం వేసింది. "టైముకి పడిందా?" అని వీడియో కాల్‌లో అడిగింది కూడా.

అమెరికాకి ఆరునెలలు వెళ్ళే అమ్మానాన్నల కథ వేరు. కూతురి పురుడు కోసం చిలుకూరు బాలాజీకి మొక్కుకుని వీసా తెచ్చుకున్నవాళ్ళు ట్రావెల్ ఈ-సిమ్ జోలికి పోకూడదు. అన్ని నెలలకి అది దండగ. అక్కడి ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైన్ తీసుకోవడమే మంచిది, అది కూడా ఈ-సిమ్‌గానే ఇస్తారు. వాళ్ళు మర్చిపోయేది ఇండియా నంబరుని. ప్రీపెయిడ్ సిమ్‌ని వరసగా 90 రోజులు వాడకపోతే దాన్ని తీసేసే అవకాశం కంపెనీకి ఉంటుంది. కొన్నాళ్ళకి అదే నంబరు ఇంకొకరికి పోతుంది, మీ బ్యాంకు ఓటీపీలు వాళ్ళకి పోతాయి. ఇక్కడున్న ఎవరికైనా రీచార్జి పని అప్పజెప్పి వెళ్ళాలి.

ఎక్కడ కొనాలి

ఇది కాస్త చిక్కు వ్యవహారం. ప్రపంచమంతా పేరున్న ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను 2024 జనవరిలో ఇండియాలోని యాపిల్, గూగుల్ స్టోర్ల నుంచి తీసేశారు. వాటి వెబ్‌సైట్లను ఆపమని టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకూ చెప్పింది. విదేశీ సిమ్‌లని ఇక్కడ అమ్మాలంటే ఆ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం ఉండాలి, అప్పట్లో ఆ కంపెనీలకి అది లేదు. వివరాలు ఇవ్వకుండా విదేశీ నంబరు దొరికితే సైబర్ మోసగాళ్ళకి పండగే అన్నది దీని వెనకున్న భయం. అందుకే అనుమతి ఉన్న అమ్మకందార్లు పాస్‌పోర్టు కాపీ అడుగుతారు. ట్రావెల్ వీడియోల్లో ఎవరో చెప్పిన యాప్ మీ ఫోన్లో కనపడకపోతే కారణం ఇదే, మీ ఫోన్ తప్పు కాదు.

మనకి మిగిలే దారులు మూడు. మన కంపెనీ రోమింగ్ ప్యాకు, ఇక్కడ అనుమతి ఉన్నవాళ్ళు అమ్మే ఈ-సిమ్, అక్కడ దిగాక లోకల్ కంపెనీ కౌంటరు. నాలుగైదు రోజుల బ్యాంకాక్ ట్రిప్పుకి, అందులోనూ సెట్టింగ్స్ అంటే టెన్షన్ పడే పెద్దవాళ్ళకి, రోమింగ్ ప్యాకే నయమని నేనంటాను. గీచి గీచి లెక్కేస్తే కొంచెం ఎక్కువ అవ్వొచ్చు, కానీ ఒకే సిమ్, ఒకే లైను, వాదన లేదు. పది పదిహేను రోజులు దాటితేనో, యూరప్‌లో నాలుగు దేశాలు తిరిగితేనో ఈ-సిమ్ తీసుకోవచ్చు. ఒకే దేశంలో ఎక్కువ రోజులుంటే లోకల్ కంపెనీదే వేగంగా ఉంటుంది. ఎందుకంటే దాని డేటా ఊరంతా తిరగకుండా అక్కడే బయటికొస్తుంది. రోమింగ్ చుట్టాల కంటే సొంత కస్టమర్లకి ముందు దారివ్వడం కూడా మామూలే.

"అన్‌లిమిటెడ్" అన్న మాటని మాత్రం చిన్న అక్షరాలు చదవకుండా నమ్మొద్దు. రోజుకి ఇంతని వాడాక వేగం తగ్గించేవే ఎక్కువ. కొన్ని హాట్‌స్పాట్‌ని ఒప్పుకోవు. భార్యాభర్తలిద్దరికీ ఒకటే కొందామనుకునేవాళ్ళు ముందుగా చూడాల్సింది అదే. ఇంకో చిన్న అక్షరం వ్యాలిడిటీ ఎప్పుడు మొదలవుతుందన్నది. కొన్నిటికి అక్కడి నెట్‌వర్క్ తగలగానే, కొన్నిటికి ఫోన్లో వేసిన క్షణం నుంచే. మొదటి రకమైతే ఇంట్లో వైఫై మీద హాయిగా ముందురోజే వేసుకోండి, ఎందుకంటే ప్రొఫైల్ దించుకోవడానికే నెట్ కావాలి. శంషాబాద్‌లో బోర్డింగ్ గేటు ముందు నిలబడి చేసే పని కాదది. ఒకసారి వేశాక, పనిచేయట్లేదని కోపమొచ్చి డిలీట్ కొట్టొద్దు. చాలావాటికి మళ్ళీ వేసుకునే అవకాశం ఉండదు. మా కుర్రాడి సంగతి చూశారుగా.

ఈ-సిమ్ పేరుతో ఎవరైనా మీకే ఫోన్ చేసి, "మీ సిమ్‌ని ఈ-సిమ్‌గా మారుస్తాం, లింకు నొక్కండి" అంటే అది వేరే సంగతి. మీ నంబరు వాళ్ళ ఫోన్లోకి పోవడానికి ఆ ఒక్క నొక్కుడు చాలు. మీది ఉన్నట్టుండి నో సర్వీస్ అంటుంది, ఓటీపీలు వాళ్ళు చదువుకుంటారు. మనం అడగని ఈ-సిమ్‌ని ఎవరూ పుణ్యానికి ఇవ్వరు.

బాబాయి వాళ్ళ ట్రిప్పు మాత్రం ఆ ఒక్క బటన్ తర్వాత ఏ గొడవా లేకుండా గడిచింది. మెరీనా బే దగ్గర్నుంచి గ్రూపులో పడిన వీడియోలకి లెక్కలేదు. పదిహేను రోజులకి సరిపోతుందనుకున్న డేటా పన్నెండో రోజుకే అయిపోతే, మిగతా మూడు రోజులూ కొడుకు ఇంటి వైఫై మీద నెట్టుకొచ్చారు.

తిరిగొచ్చిన రోజు అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగింది. శంషాబాద్‌లో దిగాం, క్యాబ్ బుక్ అవట్లేదు, నెట్ రావట్లేదన్నాడు బాబాయి. "మన ఊళ్ళోనే రాకపోతే ఎట్లారా?" గొంతు స్పష్టంగా వినపడుతోంది, అంటే నంబరు బాగానే ఉంది. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా ఏ లైను మీద ఉందో చూడమన్నాను. ట్రాలీ పక్కకి నెట్టిన చప్పుడు, పిన్ని కళ్ళద్దాలు అందించడం, తర్వాత కాసేపు నిశ్శబ్దం.

"సింగపూర్ మీదే ఉందిరా ఇంకా."